మాటపెట్టెలో మిగిలిన అన్న

వతోషెమి తన అన్నను ఈ అడవిలోంచి తుడిచేసే పని దాదాపు పూర్తి చేసింది. ఆయన విల్లు విరిచి కాల్చింది, ఊయల కాల్చింది, ఆయన నాటిన అరటిచెట్లు మొదలంటా నరికించింది. తేనె కోసం ఎక్కేటప్పుడు కాలు ఆనించుకోవడానికి ఆయన కొట్టిన గంట్లు ఒక చెట్టు మీద కనిపిస్తే, ఆ బెరడంతా చెక్కిపారేసి గానీ ఇంటికి రాలేదు. మొగుడు మయెపి చూసి చూసి విసుక్కున్నాడు.

"ఇంక చాల్లేవే. ఇలా చెక్కుకుంటూ పోతే మనకి అడవి మిగలదు."

"ఆయన నీకు బావ కాడేంటి? నువ్వు చెయ్యాల్సిన పని నేను చేస్తుంటే, పైగా నోరా?" అని గయ్యిమంది వతోషెమి. మయెపి కింది పెదవి వెనక పొగాకు ముద్ద సర్దుకుని, ఊయల్లో అటు తిరిగి పడుకున్నాడు.

ఆవిడ తొందర ఆవిడది. పోయినవాళ్ళ గుర్తు ఒక్కటి మిగిలినా మనసు అటు లాగుతుంది. మన మనసు లాగితే వాళ్ళు, పోయాక చేరాల్సిన ఆకాశం వెన్ను మీదికి ఎక్కలేరు. సగం దారిలోంచి దిగొచ్చి, ఇంటి చుట్టూ దిక్కులేకుండా తిరుగుతారు. అందుకే వాళ్ళ పేరు కూడా ఎవరూ పలకరు. ఈ కథలోనూ ఆ పేరు రాదు, అన్న అంటే చాలు. ఆయన జ్వరంతో పోయి రెండు వానాకాలాలైంది. చితిలో మిగిలిన ఆయన ఎముకల్ని దంచిన పొడి సగం, ఆచారం ప్రకారం, కిందటి విందులో అరటిపళ్ళ జావలో కలిపి తాగేశారు. మిగిలిన సగం సొరబుర్రలో, మైనంతో మూసిన మూతితో, వతోషెమి పొయ్యి పైన వేలాడుతోంది. వచ్చే విందులో అది కూడా అయిపోతే అన్న హాయిగా వెళ్ళిపోతాడు. చిన్నప్పుడు ఏరు పొంగితే తనను వీపున మోసి దాటించిన మనిషి, ఇప్పుడు తన వల్ల దారిలో చిక్కుకుపోతాడేమోనన్న బెంగతో ఆవిడకు తిండి సయించడం లేదు.

ఇక మిగిలింది ఒక్క చోటు. గీతలాయన గుడిసెలోని రేకుపెట్టె.

గీతలాయన అసలు పేరు ఓస్టర్‌మన్. ఎక్కడో చలిదేశంలో, విశ్వవిద్యాలయంలో పెద్ద పంతులు. తొమ్మిదేళ్ళుగా ప్రతి ఎండాకాలం పడవలో వచ్చి, వతోషెమి ఊరైన వారెపితేరి వాళ్ళు అందరూ కలిసి ఉండే గుండ్రటి ఇంటి పక్కనే గుడిసె వేసుకుని, ఎవరు ఎవరికి ఏమవుతారో అడిగి గీతలు గీసుకుని పోతుంటాడు. మేనమామ కూతురు మరదలనీ, పెదనాన్న కూతురు అక్కో చెల్లెలో అనీ, పాలుతాగే పిల్లకు కూడా తెలిసిన సంగతి బుర్రకెక్కడానికి ఆయనకు నాలుగేళ్ళు పట్టింది. దానికోసం గుండ్రాలూ ముక్కోణాలూ గీసిన కాగితాలు రెండు పెట్టెల నిండా ఉన్నాయి. అంతా చేసి, ఆయన అన్నను "బావా" అని పిలిచేవాడు, ఆ అన్న చెల్లెలైన వతోషెమిని "చెల్లెమ్మా" అని పిలిచేవాడు. ఆడవాళ్ళు జావ తాగుతూ ఆ సంగతి గుర్తొచ్చి పొలమారేదాకా నవ్వేవారు. ఇప్పటికీ ఎవరూ ఆయనకు ఆ తప్పు చెప్పలేదు. చెబితే మళ్ళీ గీతలు గీయడం మొదలుపెడతాడని భయం.

ఆ పొద్దున వతోషెమి వెళ్ళి గుడిసె ముందు నిలబడింది.

"బావా, లోపలున్నావా? మా అన్నవి నీ దగ్గరున్నవన్నీ ఇచ్చెయ్యి. మొహం ఉన్న కాగితాలు, గొంతు ఉన్న మాటపెట్టె. విందు దగ్గరికొచ్చేసింది."

గీతలాయన దోమతెర పక్కకు నెట్టి బయటికి వచ్చాడు. ఆయనకు వాళ్ళ భాష వచ్చు, బాగానే వచ్చు. కాకపోతే పొయ్యి దగ్గర కూర్చుని నేర్చుకున్నది కాదు, ఎవరో పాత మతగురువు రాసిన పుస్తకం చూసి నేర్చుకున్నది.

"చెల్లెమ్మా, నీ దుఃఖమును నేను మిక్కిలి గౌరవించుచున్నాను. అయినను ఇవి నావి కావు. విజ్ఞానశాస్త్రమునకు చెందినవి."

"వాడెవడు?"

"వాడు కాదు. అది."

"ఏదో ఒకటి. దానికి మా అన్న ఏమవుతాడు?"

గీతలాయన ఆలోచించాడు. "ఏమియు కాడు."

"ఏమీ కానివాళ్ళకి మా అన్న గొంతెందుకు?"

గీతలాయన ముఖం వెలిగిపోయింది. జేబులోంచి పుస్తకం తీసి, ఆ ప్రశ్న రాసుకుని, దాని కింద రెండు గీతలు గీశాడు. అన్న వస్తువులు అడగడానికి వెళ్ళి, తన మాటలు కూడా పెట్టెలో పడేసి వచ్చేలా ఉన్నానని వతోషెమికి ఒళ్ళు మండింది.

"తొమ్మిదేళ్ళు మా అరటిపళ్ళు తిన్నావు, మా పంది మాంసం తిన్నావు. అడిగితే ఒక పెట్టె ఇవ్వవా? పిసినారోడా!"

ఆ అడవిలో అంతకన్నా పెద్ద తిట్టు లేదు. గీతలాయన ఆ తిట్టు మీద ముప్పై పేజీలు రాసినవాడు, అందుకని మరీ గట్టిగా తగిలింది. లోపలికి వెళ్ళి, అన్న ఫొటోలన్నీ తెచ్చి, సొంత బిడ్డను అప్పగిస్తున్నంత బాధగా ఆవిడ చేతిలో పెట్టాడు.

"మరి మాటపెట్టె?"

"దానిని విందునాడు అందరి యెదుటకు నేనే స్వయముగా తెచ్చెదను."

వతోషెమి మనసు చల్లబడింది. పోయినవాడి వస్తువును విందుకు ఎవరైనా ఎందుకు తెస్తారు? అందరూ చూస్తుండగా మంటలో వేసి ఏడవడానికి. తొమ్మిదేళ్ళకు ఈయనకు కాస్త మనిషి పద్ధతి అబ్బిందని సంతోషిస్తూ ఆవిడ ఇంటికెళ్ళి, ఫొటోలు ఒక్కొక్కటే, బోర్లించి, చూడకుండా పొయ్యిలో పెట్టింది.

అన్న గొంతు ఆ పెట్టెలోకి ఎలా చేరిందో ఆవిడకు బాగా తెలుసు. గీతలాయన కథకు తగ్గ బహుమానం ఇచ్చేవాడు. చేపలు పట్టడం గురించి చెబితే గేలపు ముల్లు, పెళ్ళిళ్ళ గురించి చెబితే చిన్న అద్దం. మనిషిని చంపిన కథ చెబితే మాత్రం పొడుగు కత్తి. ఇక ముళ్ళ కథ చెప్పేవాడెవడు? అందులోనూ అన్న మాటకారి. కందిరీగ కనిపిస్తే చెట్టు మీంచి దూకేసే ఆ మనిషి, మొదటి ఎండాకాలంలో ఇద్దర్ని చంపాడు, మరుసటి ఏడు నలుగుర్ని. పోయేనాటికి ఆయన పదకొండుమందిని చంపినట్టు పుస్తకంలో తేలింది. వాళ్ళంతా రెండు రోజుల నడక దూరంలో ఉన్న మొకవాతేరి ఊళ్ళో దగ్గుతోనో జ్వరంతోనో పోయిన ముసలివాళ్ళు. పోయినవాళ్ళ పేర్లు గీతలాయన పట్టుబట్టి అడిగితే, గుడిసె తలుపు మూసి, పెట్టెకు దగ్గరగా వంగి గుసగుసగా చెప్పేవాడు.

"తప్పు కదన్నా?" అంది వతోషెమి ఓసారి.

"పెట్టెకే కదే చెప్పింది. పెట్టె ఎవరితో చెబుతుంది?" అన్నాడు అన్న. అన్నాడే గానీ చెల్లెలి మొహం చూడలేకపోయాడు.

పదకొండు కత్తుల్లో ఒక్కటి కూడా ఇంట్లో ఉంచుకోలేదు. దాచుకుంటే పిసినారి అంటారు. వచ్చిన కత్తి వచ్చినట్టే మొకవాతేరిలోని చుట్టాలకు ఇచ్చేశాడు, వాళ్ళు కుక్కపిల్లలూ బాణపు కర్రలూ ఇచ్చారు, రెండు ఊళ్ళూ మునుపెన్నడూ లేనంత స్నేహంగా ఉన్నాయి. అదే సమయానికి గీతలాయన దేశంలో ఓ లావుపాటి పుస్తకం వచ్చింది. నిరంతరం కొట్టుకు చచ్చే రెండు ఊళ్ళ గురించి అది. అట్ట మీద అన్న బొమ్మ, పళ్ళు నూరుతూ, కళ్ళెర్రజేసి. ఆ రోజు అన్నకు పన్నునొప్పి.

విందు రోజు వచ్చింది. మగాళ్ళు పది రోజులు వేటాడి తెచ్చిన మాంసం పొగలో ఎండి సిద్ధంగా ఉంది. మయెపి చెట్టుపట్టతో చేసిన దోనె నిండా అరటిపళ్ళ జావ కాచి పోశాడు. ఎండ నడినెత్తికి రాకముందే మొకవాతేరి వాళ్ళు వచ్చారు. జాఫ్రా గింజల ఎరుపు పూసుకుని, జుట్టు మీద గద్ద నూగు అద్దుకుని, చిలక ఈకలు కట్టుకుని, ఇంటి నడిమి వాకిట్లో గుండ్రంగా ఆడారు. అందరికన్నా ముందు వాళ్ళ పెద్ద ఇరోవె. మనిషి పొట్టి, గొంతు మాత్రం ఏటికి అవతల ఒడ్డున వినిపిస్తుంది. నడుముకు పొడుగు కత్తి వేలాడుతోంది.

"ఏం బావా, జావలో పళ్ళు వేశావా, నీళ్ళతో సరిపెట్టావా?" అన్నాడు మయెపితో.

"నీ పొట్ట చూసి నీళ్ళే పోశాను బావా. నాలుగు దోనెలు తాగితే గానీ నువ్వు లేవవుగా!"

ఇరోవె నవ్వి, మయెపి మెడ చుట్టూ చెయ్యి వేశాడు. తర్వాత ఏడుపు మొదలైంది. వతోషెమి సొరబుర్ర దించి, మైనం ఊడదీసి, రెండు చేతులతో పట్టుకుని దోనె దగ్గరికి వచ్చింది. పొడి మొగుడికి అందిస్తే, బావ హోదాలో అతను జావలో కలపాలి.

అప్పుడు వచ్చాడు గీతలాయన. ఉతికిన చొక్కా తొడుక్కున్నాడు. మాటపెట్టె దుంగ మీద పెట్టి, గొంతు సవరించుకున్నాడు.

"బంధువులారా! మృతుడైన వీరుని, అతని మాటలతోనే స్మరించుకొందము."

మంట అటుంటే ఈయన ఇటు నిలబడ్డాడేమిటా అని వతోషెమి అనుకుంటూ ఉండగానే, ఆయన మీట నొక్కాడు.

"ఇదిగో బావా, వీడు ఎనిమిదోవాడు, రాసుకో," అంది పెట్టె.

అన్న గొంతు. ఆ చిన్న దగ్గు, దాని వెనకే ఆ నవ్వు. వాకిట్లో ఏడుపు ఠక్కున ఆగిపోయింది. తల్లులు పిల్లల చెవులు మూశారు. ఆయన పెంచిన ముసలి కుక్క ఒక్కటే తోక ఊపుతూ లేచి, పెట్టె చుట్టూ వాసన చూసుకుంటూ తిరిగి, మనిషి దొరక్క మూలుగుతూ కూర్చుంది. రెండు వానాకాలాలుగా వతోషెమి ఆ గొంతును మరిచిపోవడానికి చెయ్యనిది లేదు. ఇప్పుడది చెవిన పడితే, ఇంకాస్త వినాలనిపించింది. ఆవిడను అన్నిటికన్నా భయపెట్టింది అదే.

ఇంతలో పెట్టె గుసగుసగా ఒక పేరు చెప్పింది. ఇరోవె తండ్రి పేరు.

ఇరోవె తాగుతున్న జావ గిన్నె విసిరికొట్టి, గుంజకు ఆనించిన దుడ్డుకర్ర అందుకున్నాడు. మొకవాతేరి మగాళ్ళంతా లేచారు. వారెపితేరి మగాళ్ళూ లేచారు.

"ఎవడ్రా మా నాన్న పేరెత్తింది?"

గీతలాయన ఒక చేత్తో పెట్టె ఆపి, ఇంకో చేత్తో పుస్తకం తీశాడు. తొమ్మిదేళ్ళుగా రాస్తున్న పగను కళ్ళారా చూడటం ఆయనకు ఇదే మొదటిసారి. ఆనందంగా కొత్త పేజీ తిప్పాడు.

"వీరుడా, నీ ఆగ్రహము న్యాయమైనదే. నీ తండ్రిని చంపినది ఇతడే గదా!"

ఇరోవె ఆగాడు. ఎత్తిన కర్ర ఎత్తినట్టే ఉంది.

"ఎవర్ని ఎవరు చంపారు?"

"ఈ మృతుడు, నీ తండ్రిని. బాణముతో. ఆయనయే చెప్పియున్నాడు."

"మా నాన్న దగ్గొచ్చి పోయాడు. నా ఒళ్ళోనే పోయాడు. మీ పడవలు మోసుకొచ్చిన దగ్గు," అన్నాడు ఇరోవె. "బాణమేంటి, మతిగానీ పోయిందా నీకు?"

అందరి కళ్ళూ వతోషెమి మీద పడ్డాయి. పోయినవాణ్ణి పొగిడి ఏడవాల్సిన రోజు. అన్న ఎంత మంచి వేటగాడో, ఎంత ధారాళంగా పెట్టేవాడో చెప్పడానికి ఆవిడ మాటలు కూర్చుకుని పెట్టుకుంది. అవేవీ ఇప్పుడు పనికిరావు. చెప్పకపోతే కర్ర దిగుతుంది, చెబితే అన్న పరువు పోతుంది. సొరబుర్రను గుండెకు హత్తుకుని, ఏడుస్తూనే చెప్పేసింది.

"మా అన్న అబద్ధమాడాడు, అన్నా. చంపిన కథ చెబితేనే ఈయన కత్తిస్తాడు. కత్తుల కోసం మీ ఊళ్ళో పోయినవాళ్ళందర్నీ తనే చంపానని చెప్పుకున్నాడు. పేర్లు కూడా చెప్పాడు. తప్పే. తనకోసం మాత్రం ఒక్క కత్తీ ఉంచుకోలేదు, మీకే ఇచ్చాడు."

ఇరోవె నడుముకున్న కత్తి వైపు చూసుకున్నాడు.

"అంటే ఇది?"

"ఎనిమిదోదే అయ్యుంటుంది."

"మా నాన్నని చంపేసి, ఆ వచ్చిన కత్తి తెచ్చి నాకే ఇచ్చాడా?"

ఇరోవె కత్తిని పైకెత్తి ఎండలో తిప్పి చూశాడు. ముందు అతని పొట్ట కదిలింది, తర్వాత భుజాలు కదిలాయి, ఆ తర్వాత ఆ గొంతుతో నవ్వితే ఇంటి కప్పు మీది పిట్టలు లేచిపోయాయి.

"పదకొండుమందా! కందిరీగని చూసి మా చెట్టు మీంచి దూకి, నెల్లాళ్ళు కుంటుకుంటూ తిరిగాడు కదరా ఆ మనిషి!"

మొకవాతేరి వాళ్ళంతా పొట్ట పట్టుకుని నవ్వారు. నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చారు, ఏ విందులోనూ ఏడవనంత నిజంగా ఏడ్చారు. ఎవరు ఎవరిని చంపుతారో తెలియక గీతలాయన కాగితం మీద కలం పెట్టుకుని అలాగే చూస్తున్నాడు. ఇరోవె కళ్ళు తుడుచుకుని ఆయన ముందుకొచ్చాడు.

"సరే, నవ్వుకున్నాం. మరి మా నాన్న పేరెత్తిన సంగతి తేలాలి. చెప్పినవాడు లేడు. నువ్వు వాడికి బావవి కదూ?"

"అవును," అన్నాడు గీతలాయన గర్వంగా. నాలుగేళ్ళు కష్టపడి సంపాదించుకున్న వరస మరి.

"అయితే వాడి బదులు నీ ఛాతీ పెట్టు."

తగువు తీర్చుకోవడానికి ఛాతీ మీద వేసే పిడిగుద్దుల గురించి గీతలాయన రెండు అధ్యాయాలు రాశాడు. గుద్దు ఏ వైపు నుంచి వస్తుందో, ఎంత బలంగా తగులుతుందో, ఊపిరి ఎన్ని క్షణాలు ఆగుతుందో అంతా అందులో ఉంది. అదేదీ ఆ సమయానికి అక్కరకు రాలేదు. ఒక్క గుద్దుకు వెనక్కి వెళ్ళి జావ దోనె అంచు మీద కూర్చున్నాడు. మయెపి వెళ్ళి లేవదీసి, "ఫరవాలేదు బావా, బాగానే నిలబడ్డావు," అని వీపు నిమిరాడు. ఆయన బావగా పనికొచ్చింది ఆ ఒక్కసారే.

ఆ సందట్లో వతోషెమి మాటపెట్టె తీసుకెళ్ళి మంటలో వేసింది. నల్లటి పట్టీలు మెలికలు తిరిగి కంపు కొడుతూ కాలిపోయాయి. ఆవిడ అది పూర్తిగా బూడిదయ్యేదాకా చూసి, కళ్ళు తుడుచుకుని, సొరబుర్రతో దోనె దగ్గరికి తిరిగి వచ్చింది. రెండు ఊళ్ళవాళ్ళూ గిన్నెలు పట్టుకుని నిలబడ్డారు. ఇంకొక్క పని, అంతే.

ఛాతీ రుద్దుకుంటూ గీతలాయన ఆవిడ పక్కకు వచ్చాడు. ఆయన చెడ్డవాడు కాదు. ఆవిడ కన్నీళ్ళు చూసి జాలిపడ్డాడు, ఓదార్చాలనుకున్నాడు.

"విచారింపకుము చెల్లెమ్మా. ఏమియు నష్టము లేదు. దీనికి నకళ్ళు కలవు."

"అంటే?"

"ఇదే కంఠము. ఇటువంటి పెట్టెలలో. మా విశ్వవిద్యాలయమున కలదు, ఇంకను పెక్కు విశ్వవిద్యాలయములందు కలదు. పుస్తకము సరేసరి. విద్యార్థులు దానిని చదివెదరు, దీనిని వినెదరు."

వతోషెమి చేతిలో సొరబుర్ర కదలలేదు.

"విని ఏడుస్తారా?"

"లేదు."

"పోనీ నవ్వుతారా?"

"లేదు. పరీక్ష వ్రాయుదురు."

పరీక్ష అంటే ఏమిటో ఆవిడకు తెలుసు. ఏటికి దిగువనున్న మిషన్ బడిలో ఆవిడ మనవరాలు ఒక పరీక్ష తప్పి, అదే పాఠం ఇంకో ఏడాది చదివి, విసిగి ఇంటికొచ్చేసింది.

"తప్పితే?"

"మరల చదువవలెను."

"మళ్ళీ తప్పితే?"

"మరల."

"అంటే బావా, మీ ఊళ్ళో ఎవడో మొద్దు పరీక్ష తప్పినప్పుడల్లా, మా అన్న దిగొచ్చి ఆ అబద్ధం మళ్ళీ మొదట్నించీ చెప్పాలా?"

వతోషెమి ఆయన చెయ్యి పట్టుకుంది. అంతసేపూ లేని బతిమాలాట గొంతులోకి వచ్చింది.

"నువ్వు ఇవాళే పడవెక్కు. వెళ్ళి అందర్నీ పాస్ చేసెయ్. ఏమీ రాయనివాణ్ణి కూడా పాస్ చేసెయ్. ఇంక చదవాల్సినవాడు ఒక్కడూ లేకుండా చేసి, నాకు కబురు పెట్టు. అప్పటిదాకా ఇది దాచుకుని కూర్చుంటా."

"అది సాధ్యము కాదు, చెల్లెమ్మా," అన్నాడు గీతలాయన. తన పాఠానికి ఉన్న ఆదరణ తలుచుకుని, నొప్పిలోనూ ఆయన మొహం కాస్త వెలిగింది. "ప్రతి సంవత్సరమును క్రొత్తవారు చేరుదురు."

వతోషెమి ఆయన చెయ్యి వదిలేసింది. చుట్టాలు ఆ పూట వట్టి జావే తాగారు. ఆవిడ సొరబుర్ర మూతి మైనంతో మూసి, మళ్ళీ పొయ్యి పైన వేలాడదీసి, అన్న పోయిన రోజు ఏడ్చిన ఏడుపు మొదటినుంచీ మొదలుపెట్టింది.